పదమూడేళ్ల క్వార్టర్‌బ్యాక్‌కి కాలేజీ ఆఫర్: ఇప్పుడే మాటివ్వడం మేలా, ఆగడం మేలా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద జట్లు, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ కోసం ఎనిమిదో తరగతి పిల్లల దాకా వెళ్తున్నాయి. ఆ బంతిని అందుకునే రిసీవర్లనైతే ఏటా నలుగురైదుగురిని చేర్చుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్‌ని ఏటా ఒకణ్ణి, మహా అయితే ఇద్దరిని తీసుకుంటారు, ఎందుకంటే మైదానంలో నిలబడేది ఒక్కడే. ఆ ఒక్కడు ముందే ఖాయమైతే అతన్ని చూపించి మిగతా స్థానాలకి మంచి ఆటగాళ్లను రప్పించుకోవచ్చు. కోచ్‌ల తొందరకి కారణం ఇదే. ఆ తొందరలో కుర్రాడికి ఎంత లాభం ఉందన్నది వేరే లెక్క.

ఇంటివాళ్ల ముందు మూడు దారులున్నాయి. 8, 9 తరగతుల్లోనే ఒక కాలేజీకి మాటివ్వడం ఒకటి. ఆఫర్లు వచ్చినా 11వ తరగతి సీజన్ ముగిసేదాకా ఆగడం రెండోది. చిన్న కాలేజీలో చేరి, ఆడి చూపించి, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా పెద్ద జట్టుకి వెళ్లడం మూడోది. ఎక్కువమందికి రెండోదే మేలని మా అభిప్రాయం.

ఆ ఆఫర్‌కి విలువెంత?

ఎనిమిదో తరగతిలో వచ్చేది నోటిమాట. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నిబంధనల ప్రకారం స్కాలర్‌షిప్ ఆఫర్‌ని కాగితం మీద పెట్టగలిగేది 12వ తరగతి మొదలయ్యే ఏడాది ఆగస్టు 1 నుంచే. సంతకాలు డిసెంబర్ మొదటి బుధవారం మొదలవుతాయి. అప్పుడు చేయనివాళ్లకి ఫిబ్రవరి ఉంది. అంటే ఎనిమిదో తరగతి చివర ఇచ్చిన మాటకీ సంతకానికీ మధ్య మూడున్నరేళ్లు. ఈలోపు కాలేజీ వెనక్కి తగ్గినా, అబ్బాయి మనసు మార్చుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆఫర్ లెటర్ అనగానే పని అయిపోయిందనుకునే అలవాటు మనది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో పిల్లాణ్ణి ఫుట్‌బాల్‌లో పెట్టిన తెలుగు తల్లిదండ్రులు ఈ తేడా మొదట్లోనే తెలుసుకోవాలి.

ఇంకో సంగతి. 11వ తరగతి సెప్టెంబర్ 1 వరకు కోచ్ తనంతట తానుగా కుర్రాడికి మెసేజ్ పంపకూడదు, రిక్రూటింగ్ ఉత్తరం రాయకూడదు. క్యాంప్ కరపత్రం, ప్రశ్నావళి మాత్రం పంపొచ్చు. మరి ఆఫర్ ఎలా చేరుతుందంటే, హైస్కూల్ కోచ్ ద్వారా. "మీవాణ్ణి నాకు ఫోన్ చెయ్యమనండి" అని కబురొస్తుంది. కుర్రాడు తన ఖర్చుతో ఫోన్ చేస్తే మాట్లాడటానికి అడ్డు లేదు. సొంత ఖర్చుతో క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు కోచ్ గదిలో కూర్చోబెట్టి చెప్పడం కూడా మామూలే. కాలేజీ ఖర్చుతో వెళ్లే అధికారిక సందర్శన 11వ తరగతి ఏప్రిల్ 1కి ముందు కుదరదు.

ముందే మాటివ్వడం

లాభాలు లేకపోలేదు. పేరు బయటికొస్తుంది, మిగతా కాలేజీలు కూడా చూస్తాయి, క్యాంప్‌లకి పిలుపులు వస్తాయి. అయితే ఇవన్నీ ఆఫర్ రావడం వల్ల కలిగే లాభాలు. మాటివ్వడం వల్ల కొత్తగా వచ్చేది చాలా తక్కువ.

చెడేది ఎక్కడంటే, ముందుగా కోచ్ దగ్గర. డేవిడ్ సిల్స్ అనే క్వార్టర్‌బ్యాక్ 2010లో, పదమూడేళ్లకే, లేన్ కిఫిన్ కోచ్‌గా ఉన్న యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)కి మాటిచ్చాడు. 2013 సెప్టెంబర్‌లో కిఫిన్‌ని తీసేశారు. 2014లో సిల్స్ ఆ మాట వెనక్కి తీసుకుని, తర్వాత వెస్ట్ వర్జీనియాలో చేరాడు. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాలన్న ఆశతో మధ్యలో ఎల్ కమీనో అనే జూనియర్ కాలేజీకి కూడా వెళ్లొచ్చాడు. చివరికి రిసీవర్‌గా రాణించి, 2017 సీజన్‌లో స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాసులు 18 పట్టాడు. అతను గొప్ప ఆటగాడే; పదమూడేళ్ల వయసులో ఏ స్థానానికి ఎంచారో ఆ స్థానానికి కాదు.

మరో క్వార్టర్‌బ్యాక్ టేట్ మార్టెల్ 2012లో, తొమ్మిదో తరగతి మొదలుకాకముందే, స్టీవ్ సార్కిసియన్ నడిపిస్తున్న వాషింగ్టన్‌కి మాటిచ్చాడు. 2013 చివర్లో సార్కిసియన్ యూఎస్‌సీకి వెళ్లిపోయాడు. మార్టెల్ తర్వాత టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కి మాటిచ్చి, అదీ మార్చుకుని ఒహాయో స్టేట్‌లో చేరాడు. అక్కడ వంతు వచ్చే సమయానికి, 2019 జనవరిలో, జార్జియా నుంచి జస్టిన్ ఫీల్డ్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. మార్టెల్ మయామీకి మారాల్సి వచ్చింది.

రెండో చిక్కు ఒళ్లు. మగపిల్లలు చాలామంది పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య వేగంగా ఎదుగుతారు. పన్నెండేళ్లకే ఎదుగుదల అందుకున్నవాడు తోటివాళ్ల కంటే తలెత్తు ఎక్కువ ఉంటాడు, బంతి దూరం విసురుతాడు, అందరి కళ్లలో పడతాడు. రెండేళ్లలో మిగతావాళ్లు అందుకుంటారు. అతని ఎత్తు అక్కడే ఆగిపోవచ్చు. అమ్మానాన్నల ఎత్తు, గత ఏడాదిలో ఎన్ని అంగుళాలు పెరిగాడన్నది చూస్తే కొంత అంచనా వస్తుంది. పదమూడేళ్లవాడి వీడియోలో కనిపించే బలం ఎంతవరకు నైపుణ్యం, ఎంతవరకు ముందొచ్చిన ఎదుగుదల అన్నది అనుభవమున్న కోచ్ కూడా పూర్తిగా విడదీయలేడు.

మూడోది ఆ వీడియోయే. జట్టుకి ఏడుగురే ఆడే సెవెన్ ఆన్ సెవెన్ టోర్నమెంట్లలో మీదికి ఉరికే ఎదుటి జట్టు లైన్‌మెన్ ఉండరు. కాలు కుదురుగా పెట్టి విసరడానికి సమయం దొరుకుతుంది కాబట్టి, ఒత్తిడిలో చూపు మైదానం మీద నిలుస్తుందా, కిందికి జారుతుందా అన్నది తేలదు. అది తేలేది హైస్కూల్ ప్రధాన జట్టు (వర్సిటీ) ఆటలోనే, అదీ రెండు సీజన్లు చూశాక.

11వ తరగతి దాకా ఆగడం

ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. 9వ తరగతిలో జేవీ (రెండో స్థాయి) జట్టులోనైనా సరే, ప్రతి ఆటా ఆడే చోట ఉండాలి. పెద్ద పేరున్న స్కూల్లో బెంచీ మీద కూర్చుంటే వీడియో పుట్టదు. 10వ తరగతి సీజన్ అయ్యాక మూడు నాలుగు నిమిషాల హైలైట్ వీడియోతో పాటు రెండు పూర్తి ఆటల వీడియో సిద్ధం చేయాలి. కోచ్‌లు మొదట హైలైట్ చూసినా, నిర్ణయం పూర్తి ఆట చూశాకే. అందులో వాళ్లు వెతికేవి: తన లైన్‌మెన్ కాపలా కాసే చోటు (పాకెట్) కుదురు తప్పినా నిలబడి వేసిన పాసులు, మూడో డౌన్‌లో (పది గజాలు గెలవడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) తీసుకున్న నిర్ణయాలు, దూరపు హాష్ (ఆట మొదలుపెట్టే చోటుని చెప్పే మైదానం నడిమి గీత) నుంచి అవతలి సైడ్‌లైన్‌కి వేసిన అవుట్ పాస్. ఈ చివరిది మంచి కొలత. హైస్కూల్ మైదానంలో రెండు హాష్ గీతల మధ్య 53 అడుగుల 4 అంగుళాలు, కాలేజీలో 40 అడుగులు; అంటే హైస్కూల్లోనే ఆ పాస్ ఎక్కువ దూరం వెళ్లాలి. హైస్కూల్లోనే ఆ పాస్‌ని సూటిగా, సమయానికి చేర్చగలిగితే చేతిలో బలముందని ఒప్పుకుంటారు.

ఆ తర్వాత జూన్‌లో కాలేజీల సొంత క్యాంప్‌లు. పది చోట్లకి తిరగడం డబ్బు దండగ. మూడు నాలుగు ఎంచుకుని, ముందుగా ఆ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ కోచ్‌కి వీడియో పంపి, ఆయన స్వయంగా ఉంటాడని తెలిసిన రోజే వెళ్లాలి. చాలామంది కోచ్‌లు ఎదుట విసరడం చూడకుండా గట్టి ఆఫర్ ఇవ్వరు.

ఆగడంలో నష్టమూ నిజమే: ఆ ఏటి ఒక్క చోటూ నిండిపోవచ్చు. పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల కుటుంబం నుంచి వచ్చిన ఆర్చ్ మానింగ్ తొందరపడకుండా 2022 జూన్‌లో, 11వ తరగతి పూర్తయ్యాక, టెక్సస్‌ని ఎంచుకున్నాడు. ఆ ఇంటిపేరు కోసం ఏ కాలేజీ అయినా చోటు అట్టిపెడుతుంది. మామూలు ఇంటి కుర్రాడికి ఆ వెసులుబాటు ఉండదు. అందుకని ఒకే కలల కాలేజీని నమ్ముకోకుండా, అవసరమున్న ఏడెనిమిది కాలేజీల జాబితా పెట్టుకోవాలి. ఒక్కోచోట ఏ తరగతిలో ఎవరున్నారు, మీ అబ్బాయి బ్యాచ్‌కి ఎవరైనా మాటిచ్చారా అన్నది నెలకోసారి సరిచూసుకోవాలి.

పైగా నిండిన చోటు నిండినట్టే ఉండటంలేదు. జూలియన్ లూయిస్ 2023లో యూఎస్‌సీకి మాటిచ్చి 2024 నవంబర్‌లో కొలరాడోకి మారాడు. అదే నెలలో బ్రైస్ అండర్‌వుడ్ లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ)ని వదిలి మిషిగన్‌కి వెళ్లాడు. అలా ఖాళీ అయిన చోట్లకి కాలేజీలు వెతికేది, 12వ తరగతిలో బాగా ఆడుతూ ఇంకా మాటివ్వని కుర్రాళ్లనే.

చిన్న కాలేజీ, ఆపైన పోర్టల్

కామ్ వార్డ్ హైస్కూల్ జట్టు పరుగెత్తే ఆట ఆడేది, పాసులు తక్కువ. స్కాలర్‌షిప్ ఇస్తామన్నది ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీ ఒక్కటే. అక్కణ్ణించి వాషింగ్టన్ స్టేట్, ఆపైన మయామీ, 2025లో ప్రొఫెషనల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. 2021 నుంచి మొదటి మార్పుకి, 2024 నుంచి ఎన్నిసార్లు మారినా, చదువు సరిగా ఉంటే ఒక సీజన్ కూర్చోవాల్సిన పని లేదు. 2025 జూలై నుంచి కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బిస్తున్నాయి. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అన్ని క్రీడలకీ కలిపి. ఆ డబ్బుతో కోచ్ ముందు చూసేది కాలేజీలో ఆడి చూపించిన ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లవాణ్ణి. ఎనిమిదో తరగతి ఆఫర్ విలువ ఈ కారణంగానే తగ్గుతోంది.

ఈ దారిలో జారేవాళ్లు పడేది క్రెడిట్ల దగ్గర. మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60 శాతం పూర్తి కావాలి. మారిన ప్రతిసారీ కొత్త కాలేజీ కొన్ని కోర్సుల్ని లెక్కలోకి తీసుకోదు. పోర్టల్‌లో పేరు పెట్టాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు కూడా. మరో చోటు దొరుకుతుందన్న నమ్మకం లేకుండా పేరు పెట్టకూడదు.

ఆఫర్ ఇప్పటికే వచ్చి ఉంటే

కృతజ్ఞతలు చెప్పండి, తీసుకోండి, మాటివ్వకండి. కోచ్‌ని మూడు విషయాలు అడగండి. "ఇవాళే ఒప్పుకుంటే తీసుకుంటారా?" తటపటాయిస్తే అది ఇంకా గట్టి ఆఫర్ కాదు. "ఈ బ్యాచ్‌లో ఇంకెంతమంది క్వార్టర్‌బ్యాక్‌లకి ఇచ్చారు?" "మావాడు వేరే కాలేజీలు చూడటానికి వెళ్తే ఆఫర్ ఉంటుందా?" మూడోదానికి వచ్చే జవాబు రాసిపెట్టుకోండి. మాటిచ్చాక కుర్రాణ్ణి కట్టిపడేసి, తాము మాత్రం వెతుకుతూనే ఉండే జట్లు ఉన్నాయి.

ముందే మాటివ్వడం సబబయ్యే సందర్భం ఒకటుంది: ఆ కాలేజీ ఇంటికి దగ్గరై, అక్కడి చదువు నచ్చి, కోచ్ మారినా, ఒక్క ఆటా ఆడకపోయినా కుర్రాడు అక్కడే చదువుకుంటాననే చోట.

ఎత్తు పెరిగేందుకు ఒక ఏడు వెనక్కి ఉంచాలనుకుంటే ఎనిమిదో తరగతిలోనే ఉంచాలి. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన రోజు నుంచి ఎన్‌సీఏఏ నాలుగేళ్ల లెక్క మొదలవుతుంది. ఆ నాలుగేళ్లలో ఎన్‌సీఏఏ లెక్కించే 16 ప్రధాన (కోర్) కోర్సులు పూర్తి కావాలి. వాటిలో 10, అందులో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లలో, 12వ తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. వాటి గ్రేడ్ల సగటు (జీపీఏ, 4కి) 2.3కి తగ్గకూడదు. తొమ్మిదో తరగతి మొదటి వారంలోనే స్కూల్ కౌన్సెలర్ దగ్గర ఆ కోర్సుల జాబితా తీసుకుని, టైమ్‌టేబుల్‌తో సరిచూసుకోండి.