తాయ్‌చీ నేర్చుకోవాలంటే ఏది మేలు: యూట్యూబా, ఇంటికొచ్చే మాస్టారా, పార్కులో బ్యాచ్చా?

గత రెండు నెలల్లో తాయ్‌చీ గురించి, అంటే నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం గురించి, ఒకే ప్రశ్న నన్ను ఆరుగురు అడిగారు. స్టాఫ్ రూములో ఇద్దరు, మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు, గుంటూరు నుంచి మా చెల్లెలు. “యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి కదా, దానికోసం చీకటితో లేచి పార్కు దాకా పోవాలా?” అని. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను మూడు రకాలుగానూ చేసి చూశాను. ఏడు నెలలు వీడియోలు చూసి, నెలన్నర ఇంటికొచ్చిన మాస్టారి దగ్గర, ఆ తర్వాత ఇప్పటిదాకా విజయవాడ పటమటలో ఒక పార్కులో పదిహేనుమందితో కలిసి.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళకి ఏది మేలో మారుతుంది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇరవై ఆరేళ్ళుగా రోజుకి ఐదారు గంటలు నిలబడే ఉద్యోగం. యాభై దాటగానే మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేయడం మొదలైంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు అరుగుదల మొదలైందన్నారు, తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం ఏదైనా చేయమన్నారు. అప్పుడు చదివాను, 2016లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం గురించి. మోకాళ్ళ అరుగుదల ఉన్న 204 మందిని తీసుకుని, సగంమందికి వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు తాయ్‌చీ నేర్పారు, మిగతావాళ్ళకి ఫిజియోథెరపీ ఇచ్చారు. నొప్పి రెండువైపులా దాదాపు ఒకేలా తగ్గింది. నేర్పిన మాస్టార్లు వేరువేరైనా ఫలితంలో తేడా రాలేదు. పెద్ద పేరున్న గురువు మన ఊళ్ళో లేరని ఆగిపోనక్కర్లేదన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది. అయితే ఆ తాయ్‌చీ వైపు వాళ్ళంతా మాస్టారి ఎదుట నిలబడి నేర్చుకున్నవాళ్ళే. ఆ మాట మీద అప్పుడు నా దృష్టి నిలవలేదు. నేను టీవీకి యూట్యూబ్ కలిపి హాల్లో సోఫా పక్కకి జరిపాను.

వీడియోలని తీసిపారేయను. పొద్దున కుళాయి నీళ్ళు పట్టుకుని, రెండు క్యారేజీలు కట్టి, ఏడున్నరకి బస్సెక్కే ఆడవాళ్ళకి వీడియో ఒక్కటే వీలు. డబ్బు ఖర్చు లేదు, ఎవరైనా చూస్తున్నారేమోనన్న బెరుకు లేదు, అర్థం కాని చోట వెనక్కి తిప్పుకోవచ్చు. చాలామందిలాగే నేనూ 24 భంగిమల ఫారంతోనే మొదలుపెట్టాను. ఫారం అంటే ఒకదాని తర్వాత ఒకటిగా చేసే భంగిమల వరుస. తాయ్‌చీ శైలుల్లో ఒకటైన యాంగ్ శైలిలోని పొడవాటి వరుసని మామూలు జనం తేలిగ్గా నేర్చుకోవడానికి 1956లో చైనాలో కుదించి తయారుచేసిన ఫారం అది. మొత్తం చేస్తే ఐదారు నిమిషాలు. అడవి గుర్రం జూలు పాయలు తీయడం, తెల్లకొంగ రెక్కలు విప్పడం, మోకాలు తుడిచి అడుగు వేయడం, మేఘాల చేతులు... నాలుగు నెలలకి ఇవన్నీ నాకు ఎక్కాల్లాగా వచ్చేశాయి. వరుస గుర్తుపెట్టుకోవడానికి ఈరోజుకీ వీడియోకి మించింది లేదనే అంటాను.

చిక్కు వరుస దగ్గర లేదు. ఫారం మధ్యలో వెనక్కి తిరగాలి. తిరిగిన మరుక్షణం టీవీ మన వీపు వెనక ఉంటుంది. మెడ తిప్పి చూస్తే నడుము మెలిపడుతుంది, చూడకపోతే తర్వాత ఏమిటో తెలియదు. ఇది చిన్న చిక్కు, కొన్నాళ్ళకి అలవాటైపోతుంది. పెద్ద చిక్కేమిటంటే, వీడియోలో చేతులు కనిపిస్తాయి, బరువు కనిపించదు.

తాయ్‌చీ చేసేవాళ్ళకి ఇది కొత్త మాట కాదు. యాంగ్ శైలి గురువు యాంగ్ చెంగ్‌ఫు చెప్పిన పది సూత్రాల్లో నిండు ఏదో, ఖాళీ ఏదో తెలుసుకోవడం ఒకటి. ఏ క్షణానికి ఆ క్షణం ఒక కాలు బరువుతో నిండుగా, ఒక కాలు బరువు లేకుండా ఖాళీగా ఉండాలి. అడుగు వేసేటప్పుడు పాదం ముందు ఖాళీ కావాలి, ఆ తర్వాతే కదలాలి. నేను ఖాళీ చేస్తున్నాననే అనుకున్నాను. ఏడు నెలలూ అలాగే అనుకున్నాను. నిజానికి సగం బరువు కుడి పాదం మీదే ఉంచి పాదాన్ని తిప్పుతున్నాను. పాదం నేలకి అతుక్కుని ఉంటుంది, పైన తొడ తిరుగుతుంది, ఆ మెలి అంతా మధ్యనున్న మోకాలు భరించాలి. ఏడో నెలలో మోకాలు లోపలివైపు వాచింది. దేనికోసం మొదలుపెట్టానో దానికే ఎసరొచ్చింది. రెండు వారాలు మెట్లు ఎక్కలేక కింద ఫ్లోరులో క్లాసులు వేయించుకున్నాను. ఇది ఆ వీడియో చేసినవాళ్ళ తప్పు కాదు. వాళ్ళు సరిగ్గానే చూపించారు, నేను ఎలా చేస్తున్నానో వాళ్ళకి కనిపించే దారి లేదు, అంతే.

వాపు తగ్గాక తెలిసినవాళ్ళ ద్వారా ఒక మాస్టారిని ఇంటికి పిలిపించుకున్నాం. మన దగ్గర తాయ్‌చీ నేర్పేవాళ్ళు తక్కువ. నాకు తెలిసినవాళ్ళు ఎక్కువగా కరాటే నుంచో కుంగ్‌ఫూ నుంచో ఇటు వచ్చినవాళ్ళే, ఆయనా అంతే. వారానికి మూడు రోజులు, నెలకి 4,500. మొదటి రోజే నా తప్పు పట్టేశారు. నా చున్నీ అంచు తీసి తొడ, నడుము కలిసేచోట మడత పెట్టి చూపించారు. “మడత ఇక్కడ పడాలమ్మా. ఇక్కడ తిరిగితే మోకాలికి పనే లేదు” అన్నారు. ఏడు నెలల్లో రానిది ఆ ఒక్క మాటతో సగం వచ్చింది. నడవలేని పెద్దవాళ్ళు, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్ళు, కింద పడతామని భయమున్నవాళ్ళు మాత్రం ఇలా ఒంటరిగా నేర్పించుకోవడమే మంచిది.

కానీ నెల తిరిగేసరికి ఒకటి గమనించాను. ఆయన ఎదురుగా ఉంటే బాగా వచ్చేది, మిగతా రోజుల్లో ఒక్కదాన్నే చేస్తే పాత తప్పు మళ్ళీ వచ్చి కూర్చునేది. ఆయన కన్ను నాకు ఊతకర్ర అయిపోయింది. అది నాకంటే ముందు ఆయనే గ్రహించారు. “మేడం గారూ, మీరు పార్కులో బ్యాచ్‌కి రండి. నా చెయ్యి ఒక్కటే అలవాటైతే మీకు నిలవదు” అన్నారు. బ్యాచ్‌లో ఫీజు నెలకి 800. తనకి వచ్చే డబ్బు తగ్గుతుందని తెలిసీ ఆ మాట చెప్పిన మనిషి మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

ఇందుకే నా పోలికకి కొంత విలువ ఉందనుకుంటున్నాను. ఇంట్లోనూ పార్కులోనూ నేర్పింది ఒకే మాస్టారు. ఫారం అదే, మోకాలు అదే. మారింది పక్కనున్నవాళ్ళు మాత్రమే. తేడా అంతా అక్కడే వచ్చింది.

మా బ్యాచ్‌లో కొత్తవాళ్ళని మధ్యలో నిలబెడతారు, బాగా వచ్చినవాళ్ళు నలుగురు నాలుగు మూలల్లో ఉంటారు. ఎటు తిరిగినా కళ్ళ ముందు ఒక సీనియర్ ఉంటారు. టీవీ ముందు నేను పడ్డ అవస్థకి ఇంత సులువైన మందు ఉందని అక్కడికి వెళ్ళిన రోజే తెలిసింది.

ఇక పేపరు సంగతి. రెండో వారం మమ్మల్ని జతలుగా విడదీశారు. నాకు జతగా వచ్చినావిడ మా వీధి చివర టైలరింగ్ షాపు నడుపుతుంది, నాకంటే ఆరేళ్ళు పెద్ద. పాత న్యూస్‌పేపరు సగానికి మడిచి నా ముందు పాదం కింద పెట్టింది. బరువు వెనక కాలి మీదకి తీసుకుని ముందు పాదం ఖాళీ చేయాలి, పాదం ఎత్తకూడదు. నిజంగా ఖాళీ అయితే పేపరు లాగితే వచ్చేస్తుంది. నేను వెనక్కి వాలి “లాగండి” అన్నాను. లాగింది. చిరిగింది. “మేడం గారూ, కాలు ఇంకా ఇక్కడే ఉందండీ” అంది, నవ్వకుండా, కుట్టు సరిచూసే మనిషిలాగా. రెండోసారీ చిరిగింది. మూడోసారి ఒళ్ళు వెనక్కి వాల్చడం మానేసి, వెనక తుంటిని కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దింపాను. సిమెంటు మీద సర్రుమని చిన్న చప్పుడు, పేపరు మొత్తం ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఖాళీ అంటే ఏమిటో నా ఒంటికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

తర్వాత వంతు ఆవిడది. నేను కింద కూర్చుని పేపరు పట్టుకున్నాను. మనిషి బరువు తీసే ముందు పాదంలో ఏం జరుగుతుందో అంత దగ్గరగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ముందు తుంటి దిగుతుంది, తర్వాత మడమ తేలికవుతుంది, ఆఖరికి బొటనవేలు వదులుతుంది. క్లాసులో పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయిస్తాం కదా, చేసేవాడికంటే తప్పు ఎక్కడ జరిగిందో చూస్తూ కూర్చున్న బెంచీలవాళ్ళు ఎక్కువ నేర్చుకుంటారు. ఇన్నేళ్ళ పాఠాల్లో నేను చూసింది అదే. మాస్టారు చేసేది చూస్తే ఎలా ఉండాలో తెలుస్తుంది. తోటివాళ్ళు చేసేది చూస్తే నేను ఎక్కడున్నానో తెలుస్తుంది. ఇంట్లో ఇది డబ్బు పెట్టినా దొరకదు.

పుష్ హ్యాండ్స్ సంగతీ ఇంతే, దానికి రెండో మనిషి ఉండి తీరాలి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మణికట్లు ఆనించి, ఒకరు నెడుతుంటే ఒకరు అడ్డుకోకుండా దారి ఇస్తూ తిప్పడం. మా దగ్గర ఆడవాళ్ళకి ఆడవాళ్ళే జత, కాబట్టి ఇబ్బంది పడేదేమీ లేదు. మాలో అరవై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఒకరున్నారు, నర్సుగా చేసి రిటైరయ్యారు. చూస్తే గాలికి పడిపోయేలా ఉంటారు. నేను భుజం బిగించి నెట్టిన ప్రతిసారీ తడబడింది నేనే. “అమ్మాయీ, నీ భుజం ముందే చెప్పేస్తోంది” అంటారు. భుజంలో టెన్షన్ ఉందని అద్దం చెప్పదు, వీడియో చెప్పదు, ఎదుటి మనిషి మణికట్టు చెబుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా బ్యాచ్‌లో సింగ్ నగర్ వాళ్ళు ఇద్దరున్నారు. ఇళ్ళు శుభ్రం చేసుకుని, సామాను కొనుక్కుని, వాళ్ళు మళ్ళీ పార్కుకి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. సగం ఫారం మర్చిపోయారు. మాస్టారు వాళ్ళిద్దరినీ విడిగా కూర్చోబెట్టలేదు, అందరినీ మొదటి అడుగు నుంచి మళ్ళీ మొదలుపెట్టించారు. మొదటి రోజు నాకు లోపల కొంచెం విసుగు వచ్చిన మాట నిజం. ఆ నెల అయ్యేసరికి నా అడుగులు అంతకుముందు ఎప్పుడూ లేనంత స్థిరపడ్డాయి. తెలుసనుకుని దాటేసిన చోట్లన్నీ వాళ్ళతో కలిసి మళ్ళీ నడిచాను.

బ్యాచ్‌లో ఇబ్బందులు లేవని కాదు. మే నెలలో ఆరున్నరకే ఉక్కపోత, వానాకాలంలో నెలకి ఐదారు క్లాసులు పోతాయి. పదిహేనుమందిలో మాస్టారు మన దగ్గరికి వచ్చేది రెండు మూడు నిమిషాలే. పాతికమంది దాటితే నేనైతే చేరను. చేరే ముందు ఒకరోజు బయట నిలబడి చూడండి. మోకాళ్ళ నొప్పి ఉందని చెబితే “అంత కిందికి కూర్చోవద్దు, ఎత్తుగానే చేయండి” అన్న మాస్టారు మంచివారు. అందరినీ ఒకే లోతుకి కూర్చోమనే చోట వద్దు. నొప్పి మరీ ఎక్కువున్నవాళ్ళు తాయ్‌చీలోనే మరో రకమైన సున్ శైలి గురించి అడగండి, అందులో నిలబడే తీరే కాస్త ఎత్తు. ఆస్ట్రేలియాలో ఉండే డాక్టర్ పాల్ లామ్ 1997లో కీళ్ళ నొప్పులవాళ్ళ కోసం తయారుచేసిన వరుస ఆ శైలి మీద ఆధారపడిందే.

జూమ్ క్లాసులు కూడా అడిగారు. మాస్టారికి మన పాదాలు కనిపించేలా ఫోను పెట్టగలిగితే వీడియో కంటే నయం. హైదరాబాదులో రెండు రోజుల వర్క్‌షాపులు, ఇప్పటికే చేస్తున్నవాళ్ళకి బావుంటాయి, కొత్తవాళ్ళకి కాదు.

మా చెల్లెలు ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. అక్కడ తనకి వీలైన టైములో బ్యాచ్ దొరకలేదు. అందుకని దానికి వేరే దారి చెప్పాను. ఒక్కదానివే చేయకు, పక్కింటి ఇద్దరిని కలుపుకో. వరుస కోసం వీడియో చూడండి, ఒకరు చేస్తుంటే ఇద్దరు పాదాలు చూడండి, పేపరు పెట్టి లాగండి. నెలకి ఒక ఆదివారం ఇక్కడికి వస్తే మాస్టారు సరిచేస్తారు, ఆయన్ని అడిగాను, సరేనన్నారు. ఈ ఆదివారం ముగ్గురూ మొదటి బస్సుకి బయల్దేరుతున్నారు. పాత పేపర్లు నేను తీసి పక్కన పెట్టాను.