సుత్తి కంటే ముందు ఫ్యాన్ తెచ్చారు

పాత ఇంటి రూపు చెడకుండా కరెంటు ఖర్చు తగ్గేలా మార్చిపెట్టే సర్వీసును మా ఇంటికి తీసుకున్నాం. వందేళ్లు దాటిన ఇల్లు, సున్నంతో కట్టిన గోడలు. అంతకుముందు చూసిన కాంట్రాక్టరు "కూల్చి కొత్తది కట్టుకోండి" అన్నాడు. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదే. నిక్షేపంగా ఉన్న గోడలు పడగొట్టి మళ్లీ సిమెంటు పోయడానికి నాకు మనసొప్పలేదు.

వీళ్లు మొదటిరోజు సుత్తి కూడా తేలేదు. వీధి గుమ్మానికి గుడ్డ బిగించి అందులో పెద్ద ఫ్యాన్ పెట్టారు. బయటి గాలి ఏ సందులోంచి దూరుతోందో తెలిసేలా, లోపలి గాలి ఒత్తిడిని బయటికంటే 50 పాస్కల్స్ తగ్గించి, సన్నగా పొగ వదిలే గొట్టంతో గది గదీ తిరిగారు. నిలువుగా లేస్తున్న పొగ పడగ్గది కిటికీ మూలకు రాగానే విసురుగా గదిలోకి వంగిపోయింది. ఆ సందులో నా గోరు కూడా పట్టదు!

కిటికీలు పీకేస్తారేమోనని టెన్షన్ పడ్డాను. చేవ తేలిన కర్ర, దీన్ని పారేయకూడదన్నారు. సందులు పూడ్చి, లోపలివైపు ఇంకో అద్దం రెక్క బిగించారు. న్యూయార్క్‌లో 1931 నాటి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లోనూ 6,514 కిటికీల అద్దాలను ఆ భవనంలోనే బాగుచేసి మళ్లీ వాడుకున్నారు.

వేడి లోపలికి రాకుండా గోడలకు లోపల ఫోమ్ షీట్లు వేయమని నేనే అడిగాను. కుదరదన్నారు, ఎందుకో చూపించారు కూడా. ఎప్పుడో సిమెంటు పూసిన చోట పెచ్చు ఊడదీస్తే వెనక సున్నం తడిసి ముద్దగా వేలికి అంటుకుంది. మూరెడు దూరంలో, సున్నం పూతే ఉన్నచోట, గోడ పొడిగా ఉంది. సున్నం గోడ తేమను పీల్చి మళ్లీ వదిలేస్తుంది. ఆ దారి మూస్తే తేమ లోపలే నిలిచి, గోడలోకి దిగిన దూలాల కొనలు పుచ్చిపోతాయి. అందుకే సిమెంటంతా గీకేసి, గోడ ఆరాక చెక్కపీచు పలకలు బిగించి, పైన సున్నమే పూశారు. సందులు మూసేశాం కాబట్టి వంటింట్లో, బాత్రూంలో గాలి బయటికి లాగే ఫ్యాన్లు కూడా పెట్టారు.

పని మూడు వారాలు ఆలస్యమైంది. అంతకంటే నాకు నచ్చనిది, చివర్లో మళ్లీ ఫ్యాన్ టెస్టు చేయించడానికి రెండుసార్లు ఫోన్ చేయాల్సి రావడం. అడక్కుండా చేయాల్సిన పని అది. చేసినప్పుడు మాత్రం ఆ కిటికీ మూలన పొగ వంగకుండా నిలువుగా లేచింది.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. మీరు తీసుకుంటే రెండో టెస్టు సంగతి ఒప్పందంలోనే రాయించుకోండి.