మనిషి తర్వాతి మనిషి: ఏ కళ మాట నమ్మాలి?

ట్రాన్స్‌హ్యూమనిజం, అంటే టెక్నాలజీతో మనిషి తన శరీరపు హద్దులు దాటాలన్న ఆలోచన, అనగానే నీలిరంగు వెలుతురు, లోహపు చర్మం, మెరిసే కళ్లున్న పోస్టర్లు గుర్తొస్తాయి. ఆ బాపతు బొమ్మల్ని నేను మొదటే పక్కన పెట్టేస్తాను. 1997లో డిజైనర్ నటాషా వీటా-మోర్ రూపొందించిన ‘ప్రైమో పోస్ట్‌హ్యూమన్’ అనే భవిష్యత్ శరీర నమూనా కూడా నాకు ఆ కోవలోదే అనిపిస్తుంది. రోగం రాదు, ముసలితనం రాదు, పాతబడితే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. ఆలోచన చక్కగానే ఉంది కానీ, చూస్తుంటే షోరూంలో కొత్త మోడల్‌ని చూసినట్టే ఉంటుంది. ఆ శరీరంలో బతకడం ఎలా ఉంటుందో తెలియదు.

నిజంగా ఆలోచింపజేసే కళ మూడు దారుల్లో వచ్చింది. సొంత ఒంటినే మార్చుకున్నవాళ్లు కొందరు, ల్యాబ్‌లో జీవకణాలతో పనిచేసినవాళ్లు కొందరు, రాబోయే జీవుల్ని ఊహించి శిల్పాలు చేసినవాళ్లు ఇంకొందరు. వీటిలో ఏది మేలు? నేను ఒకే ప్రశ్న పట్టుకుని చూస్తాను: మార్పు కోరుకున్నది ఎవరు, దాన్ని భరించేది ఎవరు?

మొదటి దారిలో పెద్ద పేరు ఆస్ట్రేలియా కళాకారుడు స్టెలార్క్. ‘శరీరానికి కాలం చెల్లింది’ అన్నది ఆయన ఎప్పుడూ చెప్పే మాట. 1980 నాటికే కుడిచేతికి ఒక యంత్రపు చెయ్యి తగిలించుకున్నారు. పొట్ట, కాళ్ల కండరాల్లో పుట్టే విద్యుత్ సంకేతాలతో అది కదులుతుంది. తర్వాత మూడు చేతులతో ఒకేసారి, ఒక్కో చెయ్యి ఒక్కో అక్షరం రాస్తుండగా, ‘ఎవల్యూషన్’ అన్న మాట పూర్తి చేశారు. గొప్ప విన్యాసమే. కానీ నన్ను ఆపేసింది అది కాదు, ఆయన ఎడమ ముంజేతి మీది చెవి.

2006లో మొదలైన సర్జరీలతో చర్మం కింద చెవి ఆకారంలో ఒక అచ్చు పెట్టించుకున్నారు. దాని సన్నని రంధ్రాల్లోకి ఆయన సొంత కణజాలమే పెరిగి అచ్చును పట్టుకుంది. అందులో మైక్ అమర్చి ఇంటర్నెట్‌కు కలపాలని, ఎక్కడో ఉన్న మనుషులు ఆ చెవితో వినాలని ఆయన ప్లాన్. మైక్ పెట్టారు, పరీక్షిస్తే పనిచేసింది కూడా. తర్వాత ఇన్ఫెక్షన్ సోకడంతో దాన్ని తీసేయాల్సి వచ్చింది. చెవి ఉంది, వినపడదు. కాలం చెల్లిందన్న శరీరం అక్కడ తన మాట నెగ్గించుకుంది. టెక్నాలజీ ఒంట్లోకి వస్తే చీము, కుట్లు, మందులు కూడా వస్తాయని ఏ మెరిసే డిజైనూ ఇంత నిజాయితీగా చెప్పలేదు. అందుకే ఈ దారి అంటే నాకు గౌరవం.

నీల్ హార్బిసన్ కథ ఇంత కష్టంగా నడవలేదు. పుట్టుకతోనే రంగులు కనపడని మనిషి. 2004లో పుర్రె ఎముకకు యాంటెన్నా అమర్చుకున్నారు. నుదుటి ముందుకు వంగి ఉండే దాని కొన రంగును పసిగడుతుంది, ఆ రంగు ఎముక ద్వారా శబ్దంగా వినిపిస్తుంది. అదే ఏడాది బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లో యాంటెన్నాతో ఉన్న ఫొటోకే అనుమతి సాధించారు. మనుషుల ముఖాల్లోని రంగుల్ని స్వరాలుగా మార్చి ‘ధ్వని చిత్రాలు’ చేస్తారు. ఇదంతా నాకు ఇష్టమే. అయితే పెద్ద చిక్కు ఇద్దరి దగ్గరా ఉంది. ఇద్దరూ తమంతట తామే కోరి చేయించుకున్న పెద్దవాళ్లు. వద్దనుకునే అవకాశం లేనివాళ్ల ఊసు ఇక్కడ రాదు.

రెండో దారి ఆ ఊసెత్తుతుంది, కొన్నిసార్లు ఎత్తకుండానే తప్పు చేస్తుంది. 2000లో కళాకారుడు ఎడ్వార్డో కాట్స్ (Kac) లోకానికి పరిచయం చేసిన కుందేలు ఆల్బాలో జెల్లీఫిష్ నుంచి తీసిన జన్యువు ఉంది. నీలి కాంతి పడితే అది ఆకుపచ్చగా మెరుస్తుందన్నారు. దాన్ని ఇంట్లో పెంచుకుంటానని ఆయన అడిగారు, ఫ్రాన్స్‌లోని ల్యాబ్ ఇవ్వలేదు. చర్చ బోలెడంత జరిగింది. కుందేలు మాత్రం ల్యాబ్‌లోనే ఉండిపోయింది. ఒక ప్రాణిని వాదనకు సాక్ష్యంగా నిలబెట్టడం నాకు మింగుడుపడదు.

అదే దారిలో ఓరన్ కాట్స్ (Catts), అయోనాట్ జుర్ అనే కళాకారుల జంట పని వేరు. కణాలతో పెంచిన బుల్లి జాకెట్‌కి ‘బాధితులు లేని తోలు’ అని అర్థమొచ్చే పేరు పెట్టారు. 2008లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఎలుక కణాలతో పెంచినప్పుడు అది మరీ వేగంగా పెరిగిపోయింది, పోషకద్రవం ఆపేయమని క్యూరేటర్ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. దాన్ని చంపడం అనాలా, ఆపడం అనాలా? ఈ ప్రశ్న మనకు రేపు చాలాసార్లు ఎదురవుతుంది. ఆల్బా కన్నా ఈ జాకెట్ చాలా మెట్లు పైన.

ఇక మూడో దారి. ప్యాట్రీషియా పిచినీని 2002లో చేసిన ‘ద యంగ్ ఫ్యామిలీ’ మరుసటి ఏడాది వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనకు వెళ్లింది. సిలికోన్, ఫైబర్‌గ్లాస్, మనిషి వెంట్రుకలతో చేసిన ఆ శిల్పంలో సగం పంది, సగం మనిషిలా ఉన్న తల్లి పక్కకు ఒరిగి పడుకుని పిల్లలకు పాలిస్తుంటుంది. చర్మం మీద ముడతలు, అక్కడక్కడా పలచటి వెంట్రుకలు. కళ్లలో భయం లేదు, కోపం లేదు, బిడ్డల తల్లికి ఉండే అలసట ఉంది. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. కాసేపు చూశాక ఆ జలదరింపు పోయి, పాపం అనిపిస్తుంది. మనిషికి అవయవాలు ఇవ్వడానికి పుట్టించిన జీవి అయితే, ఈ పిల్లలు ఎవరి పిల్లలు?

2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్‌లో 10 జన్యుమార్పులు చేసిన పంది గుండెను ఒక మనిషికి అమర్చారు. ఆయన సుమారు రెండు నెలలు బతికారు. శిల్పం అప్పటికి 20 ఏళ్లుగా అదే ప్రశ్న అడుగుతోంది.

పిచినీని శిల్పం కోసం ఎవరి ఒంటికీ కత్తి తగల్లేదు, ఏ కుందేలూ పుట్టలేదు. ఊహ కాబట్టి తేలిక అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాకు అది సరైన వాదన కాదు. స్టెలార్క్‌ని చూస్తే ‘నేనైతే చేయించుకోను’ అని పక్కకు తప్పుకోవచ్చు. పిచినీని తల్లి ముందు ఆ వెసులుబాటు లేదు. ఆమె ఏదీ ఎంచుకోలేదు, ఆమెను పుట్టించిన పక్షాన ఉన్నది మనమే.

అందుకే నా ఓటు పిచినీనికే. టెక్నాలజీ ఒంట్లో ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే స్టెలార్క్ చెవి దగ్గరికి వెళ్లండి, దానికి సాటి లేదు. రేపు పుట్టబోయేవాళ్లకు మనం ఏం బాకీ పడతామో తేల్చుకోవాలంటే మాత్రం ముందు ఆ శిల్పాన్నే చూడాలి. వీలైతే ఫొటోలో కాకుండా, చర్మం మీది ముడతలు కనపడేంత దగ్గర నిలబడి.