గురువు ముందు ఒప్పుకోలు, నేరుగా దేవుని ముందు ఒప్పుకోలు

క్షమించేది దేవుడే అన్నదాంట్లో కతోలికులకూ ప్రొటెస్టంట్లకూ పేచీ లేదు. ఆ క్షమాపణ పాపికి ఎలా అందుతుందన్న దగ్గరే దారులు వేరవుతాయి.

కతోలిక విశ్వాసి గురువు దగ్గర, అంటే చర్చి ఫాదర్ దగ్గర, పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) చేస్తాడు. ఏడాదికి ఒక్కసారైనా చేయాలన్న నియమం 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ, అంటే కతోలిక సంఘ పెద్దల సభ, పెట్టింది. చేసిన తప్పును నోరు తెరిచి, ఫలానా అని మరో మనిషికి చెప్పాలి. విన్నది గురువు ఎవరికీ బయటపెట్టకూడదు. ఆయన పాపవిమోచనం పలికి, ప్రాయశ్చిత్తంగా ఓ ప్రార్థనో సత్కార్యమో అప్పగిస్తాడు. అపరాధం తొలగినా తాత్కాలిక శిక్ష కొంత మిగలవచ్చనీ, బ్రతికుండగా తీరనిది ఉత్తరించు స్థలంలో (చనిపోయాక పరలోకం చేరేముందు ఆత్మ శుద్ధి పొందే స్థితిలో) తీరుతుందనీ ఆ సంఘం బోధ.

ప్రొటెస్టంట్లలో ఎక్కువమంది దేవునితోనే ఒప్పుకుంటారు. శిక్షంతా క్రీస్తు సిలువపై భరించాడు, ఇక బాకీ లేదంటారు. అయితే ప్రొటెస్టంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ వ్యక్తిగత ఒప్పుకోలును (మరో మనిషి ముందు చేసేదాన్ని) వదల్లేదు. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

శిక్ష విషయంలో రెండో బోధే నా మనసుకు ఊరట. కానీ ఒంటరి ప్రార్థనలో "నా పాపాలన్నీ క్షమించు" అని గంపగుత్తగా దాటేయడం తేలిక. దొంగిలించిన సొమ్ము తిరిగి ఇచ్చెయ్యమని ఎదురుగా ఉన్న మనిషి చెబితే తప్పించుకోవడం కష్టం.