నీళ్లు తాగే కప్ప: బాస్ వేటలో బోలు ఫ్రాగ్, మూడు సీజన్ల తర్వాత

బాస్ అనే మంచినీటి చేపకి ఎరగా వేసే ప్లాస్టిక్ కప్ప ఇది. పెట్టె మీద ‘వీడ్‌లెస్’, అంటే నాచుకి చిక్కుకోనిది, అని రాసి ఉంటుంది. అది నిజమే. కలువాకుల మీదకి విసిరినా, హైడ్రిల్లా అనే నీటి మొక్క పేరుకుపోయి దుప్పటిలా పరుచుకున్న చోటికి విసిరినా, ఆకు ముక్క కూడా తగిలించుకోకుండా జారుకుంటూ వచ్చేస్తుంది. పెట్టె మీద రాయని సంగతి ఇంకొకటుంది. ఈ కప్ప నీళ్లు తాగుతుంది. పది పదిహేను విసుర్లు అయ్యేసరికి కడుపు నిండి, వెనక భాగం మునిగి, ముక్కు ఆకాశం వైపు పెట్టి తేలుతుంది. అక్కణ్ణించి దాన్ని లాగినా ఒకటే, తడిసిన సాక్సు లాగినా ఒకటే.

వాడింది రెండున్నర అంగుళాల పొడవు, అర ఔన్సు బరువున్న బోలు కప్ప, ఏడెనిమిది డాలర్ల రకం. వాడిన చోట్లు టెక్సస్‌లో లేక్ ఫోర్క్ పాయలు, కాడో లేక్‌లో సైప్రస్ చెట్ల మొదళ్లు, డాలస్ చుట్టుపక్కల కాలనీ చెరువులు. కొంత కయాక్ మీంచి, ఎక్కువ గట్టు మీంచి. ఏప్రిల్ చివర్నుంచి అక్టోబరు దాకా దీని కాలం. నీళ్లు 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రాకముందే దీన్ని బయటికి తీయడం దండగ. రంగుల దగ్గర బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. నల్లది ఒకటి, తెల్లది ఒకటి చాలు. దట్టమైన నాచుకీ మబ్బుకీ నల్లది, పలచటి కలువలకీ తేట నీళ్లకీ తెల్లది. చేప చూసేది పొట్ట మాత్రమే. వీపు మీద వేసిన మచ్చలూ కళ్లూ కొనేవాళ్ల కోసం.

ముందు దీని సుఖం చెప్పాలి, లేకపోతే అన్యాయం. నాచు దుప్పటి కింద బాస్ ఉందో లేదో కంటికి కనపడదు, చెవికి తెలుస్తుంది. గాలి లేని పొద్దుటిపూట కాసేపు ఆగి వింటే, అడుగున బ్లూగిల్ అనే చిన్న చేపల పిల్లలు ఆకులకి అంటుకున్న పురుగుల్ని అందుకుంటూ చేసే చిటుకు చిటుకు వినిపిస్తుంది, పాలు కాగబోయే ముందు గిన్నె అంచున వచ్చే చప్పుడులా. ఆ చిటుకు ఉన్నచోటే కప్పకి పని. నాచు దుప్పటిలో అనుకున్న కంత కంటే ఐదారు అడుగులు అవతల పడేసి, నెమ్మదిగా దుప్పటి మీంచి లాక్కొచ్చి, కంత అంచుకి రాగానే ఆపాలి. దారం కొంచెం వదులుగా ఉంచి రాడ్ కొనను రెండు మూడుసార్లు తడితే కప్ప ఉన్నచోటే అటూ ఇటూ తల తిప్పుతుంది. తగిలితే నాచంతా ఒక్కసారి ఉబ్బి, చెంబుడు నీళ్లు గోడకి కొట్టినట్టు పేలుతుంది. నీళ్లలో మునిగి ఈదే క్రాంక్‌బెయిట్ ఎరతో ఎన్ని చేపలు పట్టినా ఈ చప్పుడు రాదు.

ఇదంతా కప్ప బోర్లా తేలుతున్నంతసేపే. తోక మునిగిందంటే తల తిప్పడం పోతుంది, తట్టిన ప్రతిసారీ ముందుకే జరుగుతుంది. కంతలో ఆగాల్సినది రెండు తట్లకే కంత దాటిపోతుంది. పైగా వెనకనుండే హుక్కు మొనలు నాచులోకి దిగి పోగులు పట్టుకుంటాయి. ‘వీడ్‌లెస్’ అన్నమాట అక్కడితో చెల్లు.

నీళ్లు ఎక్కణ్ణించి వెళ్తున్నాయో తెలియాలంటే కప్ప ఎలా తయారైందో చూడాలి. పైన పలచటి మెత్తటి ప్లాస్టిక్ తొడుగు, లోపలంతా గాలి. జంట హుక్కు కాడ పొట్టలోంచి పోయి, దారం కట్టే కన్ను ముక్కు దగ్గర బయటికి వస్తుంది. రెండు మొనలూ వెనకనించి వచ్చి వీపుకి ఆనుకుని పడుకుంటాయి. కాళ్ల రబ్బరు పోగులు రెండు పక్కలా దూర్చి ఉంటాయి. అంటే ముక్కు, కాళ్లు, తోక, మూడు చోట్లా సందులే. తోక దగ్గర సూదిమొనంత రంధ్రం వేరే ఉంటుంది. అది లోపలి నీళ్లూ గాలీ పోవడానికి కావాలని పెట్టింది, దాన్ని తప్పుపట్టకూడదు. అసలు దొంగ ముక్కు. లాగిన ప్రతిసారీ నీటి ఒత్తిడి పడేది అక్కడే. చేప కరిచినప్పుడు ఇంకో తంటా. నొక్కుకుపోయిన పొట్ట మళ్లీ గుండ్రంగా అవుతూ, కళ్లలో వేసే చుక్కల మందు గొట్టంలా, నీళ్లని లోపలికి పీలుస్తుంది. చేప తప్పిపోయిన వెంటనే అదే చోటికి మళ్లీ విసరాలని చెయ్యి లాగుతుంది కదా, సరిగ్గా అప్పుడే కప్ప కడుపు నిండా నీళ్లుంటాయి. ముందు పిండాలి, తర్వాతే విసరాలి.

ఇంట్లో పరీక్ష సులువు. పొడి కప్పని బకెట్లో ముంచి వేళ్లతో మెల్లగా నొక్కండి. బుడగ ఎక్కణ్ణించి వస్తే అక్కడ సందు. తోక దగ్గర రావడం మామూలే. ముక్కు దగ్గర కంటి చుట్టూ బారుగా వస్తే మందు వేయాల్సిందే.

మొదటి మందు సూపర్‌గ్లూ. రెండు ట్రిప్పులు కూడా నిలవలేదు. అది ఎండాక గాజులా బిరుసెక్కుతుంది, ముక్కు దగ్గర కాడ కదులుతూనే ఉంటుంది, పగలక ఏమవుతుంది? తర్వాత ఎండినా సాగే రకం సిలికోన్. అది నిలిచింది కానీ, ఉత్సాహం కొద్దీ కాళ్ల సందులూ తోక రంధ్రమూ కూడా మూసేస్తే కప్ప బుడగ అయిపోయింది. ఇది నీళ్లు తాగడం కంటే పెద్ద నష్టం. ఈ ఎర పనిచేసేదే చేప నోట్లో పొట్ట నొక్కుకుపోయి హుక్కులు బయటపడటం వల్ల. గాలి పోయే దారి లేకపోతే పొట్ట అణగదు, హుక్కులు వీపు మాటునే ఉండిపోతాయి. చేప నోరు తెరిచి ఊసేస్తుంది, హుక్కు దిగాలని రాడ్ ఒక్కసారి లాగి కొడితే కప్ప ఎగిరొచ్చి మొహాన పడుతుంది.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. కప్పని పిండి, తోక కిందికి ఉండేలా ఒక రాత్రి వేలాడదీసి లోపల పూర్తిగా ఆరనివ్వాలి. ముక్కు చుట్టూ రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవాలి. ప్లయర్‌తో కన్ను పట్టుకుని ఒకట్రెండు మిల్లీమీటర్లు ముందుకి లాగి, బయటపడ్డ కాడ చుట్టూ అగ్గిపుల్లతో ఆవగింజంత సిలికోన్ రాసి, వదిలేయాలి. కాడ వెనక్కి వెళ్తూ జిగురుని తనతోపాటు సందులోకి తీసుకెళ్తుంది. ముక్కు పైకి పెట్టి 24 గంటలు ముట్టుకోకూడదు. కాళ్ల సందులూ తోక రంధ్రమూ అలాగే ఉండాలి. ఇలా చేశాక పది పదిహేను విసుర్లకి మునిగేది నలభై దాకా నిలుస్తోంది. పదో పన్నెండో చేపలు కరిచాక ఆ జిగురు ఊడుతుంది, మళ్లీ వేసుకోవడమే.

లోపల నీళ్లుండటం వల్ల వచ్చే రెండో జబ్బు మొదటి సీజన్లో తెలియదు. పొట్ట లోపలి కాడ తుప్పు పడుతుంది. బయటి మొనలు తళతళలాడుతూ ఉంటాయి కాబట్టి అనుమానం రాదు. పిండినప్పుడు టీ రంగు నీళ్లు వచ్చాయంటే మాత్రం పని మొదలైనట్టే. కాడ లావుగా ఉంటుంది కనుక అక్కడ విరగడం అరుదే, కానీ ఆ తుప్పు నీళ్లు మొనల మీదకి జారి వాటిని మొండి చేస్తాయి. మొనని బొటనవేలి గోరు మీద ఆనించి జరిపితే గుచ్చుకుని ఆగాలి. జారిందంటే సన్నటి ఆకురాయితో మొన వైపుకి రెండు గీతలు గీయాలి. తడి కప్పని పెట్టెలో పెట్టి మూత వేయడం మానేస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. పెట్టెని ఆగస్టులో కారు డిక్కీలో వదిలేయడం కూడా మానాలి. బరువు పడిన వైపు కప్ప చదునైపోతుంది. వేడినీళ్లలో ముంచితే మళ్లీ రూపానికి వస్తుంది గానీ మునుపటి మెత్తదనం రాదు.

కొనగానే చేయాల్సిన చిన్న పనులు రెండున్నాయి. కాళ్ల పోగులు మరీ పొడుగ్గా ఉంటాయి. చేప వాటి కొసల్నే పట్టుకుని వదిలేస్తుంది. నీళ్లలో తడిపి, ముప్పావు అంగుళం కత్తిరిస్తే తల తిప్పడమూ బాగుపడుతుంది. ఒకేసారి ఎక్కువ కత్తిరిస్తే మాత్రం వెనక్కి అతికించలేం. రెండోది, హుక్కు మొనల్ని వంపు దగ్గర ప్లయర్‌తో పట్టుకుని వెంట్రుకవాసి పైకి ఎత్తడం. వీపుకీ మొనకీ మధ్య దళసరి కాగితం దూరేంత చాలు, అంతకి మించితే ప్రతి ఆకూ చుట్టమే.

దారం విషయంలో పిసినారితనం పనికిరాదు. 65 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం), నేరుగా కన్నుకి పాలోమార్ ముడి, మధ్యలో లీడర్ అనే వేరే దారం ముక్క వద్దు. పలచటి కలువల్లో అయితే 50 చాలు. ఒంటిపోగు మోనో దారం సాగుతుంది. నాచు బరువు, చేప బరువు, ఆ సాగుడు మూడూ కలిస్తే హుక్కు దిగదు. రాడ్ 7 అడుగులు పైన, హెవీ అనే గట్టి రకం, కొన మాత్రం కొంచెం మెత్తగా ఉండాలి, లేకపోతే కప్ప నడవదు. పేలిన చప్పుడికి అదిరిపడి వెంటనే కొట్టడమే ఎక్కువమంది చేసే తప్పు. కొందరు అంకెలు లెక్కపెట్టి కొట్టమంటారు, అదీ సరైంది కాదు. కొన దించి, వదులు దారం చుట్టేసి, చేతికి బరువు తెలిశాకే పైకి ఎత్తి కొట్టాలి. తప్పితే అదే కంతలోకి బరువేమీ కట్టని ఐదంగుళాల స్టిక్ వర్మ్ (మెత్తటి ప్లాస్టిక్ పురుగు ఎర) వేస్తే చాలాసార్లు అదే చేప తీసుకుంటుంది. అందుకని పక్కన ఇంకో రాడ్ సిద్ధంగా ఉంటే మేలు.

పైన ‘ఆకు ముక్క కూడా’ అన్నాను. సవరించుకోవాలి. జుట్టులా సాగే పచ్చటి పీచు నాచులో ఇది కూడా పీచు చుట్టుకునే వస్తుంది. హైడ్రిల్లా కొసలు నీళ్లపైకి ఇంకా రాని జూన్ మొదట్లో, విడివిడి కొసలకి హుక్కు తగులుతుంది. గాలి గంటకి పది పన్నెండు మైళ్లు దాటితే తేలిక కప్పని నాచు మీద నిలపడం కష్టం. ఇక మంచిరోజున కూడా మూడు దాడుల్లో ఒకటి ఖాళీ. వేరే ఎరతో ఈ లెక్క వస్తే అవతల పారేసేవాళ్లం. చప్పుడు కోసం దీన్ని క్షమిస్తున్నాం.

కడుపులో నీళ్లు మన ఇబ్బందే కాదు. లేక్ రే రాబర్ట్స్‌లో 2012 నుంచి జీబ్రా మస్సెల్ అనే బయటినుంచి వచ్చిపడ్డ ఆల్చిప్ప ఉంది, దాని పిల్లలు కంటికి ఆనవు. పడవలో నీళ్లు ఖాళీ చేయకుండా ఒడ్డు వదలకూడదని టెక్సస్ చట్టం. కప్ప పేరు అందులో లేకపోయినా చెంచాడు నీళ్లు మోసుకెళ్లేది అదే. కాడోలో అయితే జెయింట్ సాల్వీనియా అనే తేలే కలుపు. మన ఊళ్లలో గుర్రపుడెక్క ఎలాగో అక్కడ అది అలాగ, ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. వీపుకీ హుక్కుకీ మధ్య, కాళ్ల పోగుల్లో ఇరుక్కున్న ఆకుల్ని ఒడ్డునే తీసేసి, కప్పని పిండి, ఎండలో పెట్టాకే వేరే చెరువుకి. ఉంచుకునే చేపకి కొలబద్ద దగ్గర పెట్టుకోండి. టెక్సస్‌లో మామూలుగా లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలు ఉండాలి, ఫోర్క్‌లో 16కీ 24కీ మధ్యవి వదిలేయాలి.

ఇండియా వెళ్తూ కొరమేను కోసం తీసుకెళ్లొచ్చా అంటే, తీసుకెళ్లొచ్చు. అదీ పైకొచ్చి గాలి మింగే చేపే, కప్పని వదలదు. కాకపోతే బాస్ నోరు గరుకు కాగితం, కొరమేనుది పళ్ల వరస. రెండు మూడు కాట్లకే తొడుగుకి చిల్లులు పడతాయి, అప్పుడు ముక్కు మూసి లాభం ఏముంది? నాలుగైదు చవక కప్పలు పెట్టెలో పెట్టుకోవడమే దారి. అటునుంచి ఇటు మాత్రం బతికున్న కొరమేనుని తెచ్చే ఆలోచన వద్దు, అమెరికాలో అది నిషేధం.

మళ్లీ కొంటానా? గట్టు మీంచి, నాచు పట్టిన చిన్న చెరువుల్లో వేటాడేవాణ్ణి కాబట్టి కొంటాను. పడవ ఉండి, తేట నీళ్లలో, లోతు అంచుల మీద పట్టేవాళ్లకి ఏడాదిలో రెండు నెలలకి మించి దీనితో పని పడదు. పన్నెండు పద్నాలుగు డాలర్లవి ముక్కు దగ్గర బిగువుగా ఉంటాయి, ఆలస్యంగా తాగుతాయి, తాగకుండా మాత్రం ఉండవు. ఆ తేడా సొమ్ముకి సిలికోన్ గొట్టం వచ్చి ఇంకా మిగులుతుంది. జిగురు ఆరేదాకా ఆగే ఓపిక లేనివాళ్లు మాత్రం ఖరీదైనదే తీసుకోవడం నయం.