15 హెచ్‌పి చిన్న ట్రాక్టర్: ఎనిమిదేళ్లు ఇంటి షెడ్డులో విప్పి బిగించాక నా మాట

నల్లగొండ దగ్గర మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. చెట్టుకీ చెట్టుకీ 20 అడుగులు పెట్టాం గానీ కొమ్మలు పెరిగి నేలకి వంగాక మధ్యలో మిగిలేది ఎనిమిదడుగులే, పెద్ద ట్రాక్టర్‌ని కిరాయికి పిలిస్తే దున్నినదానికంటే విరిచిన కొమ్మలే ఎక్కువ. అందుకే 2016 డిసెంబరులో, నోట్ల రద్దు గొడవలో చేతిలో నగదు లేక డబ్బంతా బ్యాంకు నుంచే పంపించి, 15 హెచ్‌పి సింగిల్ సిలిండర్ బండి ఒకటి కొన్నా. కంపెనీ పేరు రాయను, ఈ సైజు సింగిల్ సిలిండర్ బళ్ల గుణాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. అవర్ మీటర్ 3,100 దాటింది, మధ్యలో ఐదు నెలలు అది పనిచేయలేదు కాబట్టి ఇంకో 200 గంటలు కలుపుకోండి.

ముందు మంచి చెబుతా. కొమ్మల కింద దూరుతుంది, ఉన్నచోటే తిరిగినట్టు తిరుగుతుంది. డీజిల్ గొర్రు పనికి గంటకు లీటరున్నర అటూఇటూ, రోటవేటర్ వేస్తే రెండు దాటుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది, 800 కిలోల లోపు బండి కావడంతో ఇద్దరు మనుషులు, ఒక టన్ను చైన్ పుల్లీ, నాలుగు వేప దుంగలు ఉంటే రెండు ముక్కలు చేసి మళ్లీ అతికించొచ్చు. పెద్ద బండితో ఆ ధైర్యం నేను చేయను.

ఇక చెడు అంటే ఒక్కటే, అదురు. సింగిల్ సిలిండర్ కదా, ఇంజన్ కొట్టే ప్రతి దెబ్బా సీటు దాకా వస్తుంది. మొదటి ఏడాది సైలెన్సర్ బోల్టులు రెండుసార్లు, మడ్‌గార్డు బోల్టులు లెక్కలేనన్నిసార్లు ఊడాయి, ఒకరోజు ఫ్యాన్ బెల్టు ఎందుకు వదులైందా అని చూస్తే డైనమో బ్రాకెట్‌కి ఒక బోల్టే మిగిలింది. స్ప్రింగ్ వాషర్లు వేశా, కొంత తగ్గింది. అసలు పనిచేసింది వేరే ఉపాయం, ముఖ్యమైన ప్రతి నట్టు మీద, దాని కింది ఇనుము మీద కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశా. పొద్దున డీజిల్, ఆయిల్ చూసేటప్పుడు ఒక చుట్టు తిరిగితే చాలు, గీత విరిగి కనిపిస్తే ఆ నట్టు తిరిగిందన్నమాట. పానా పట్టుకుని అన్నీ బిగించుకుంటూ కూర్చునే పని తప్పింది.

2021లో వానలకి ముందు క్లచ్ జారడం మొదలైంది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. షోరూంలో వారం పడుతుందన్నారు, పైగా లారీలో ఎక్కించుకుని తెచ్చుకోమన్నారు. సరే అని నేనూ మా బావమరిదీ షెడ్డులోనే మొదలుపెట్టాం. క్లచ్ ఉండేది ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో, అందుకే బండిని అక్కడ రెండు ముక్కలు చేయాలి. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ముందు యాక్సిల్ నడిమధ్య పిన్ను మీద ఊగుతూ ఉంటుంది, బండి ఒక్కటిగా ఉన్నంతసేపు వెనక చక్రాలు ఆపుతాయి గానీ విడగొట్టగానే ఇంజన్ ఏదో ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందుకే ఒక్క బోల్టు కూడా విప్పకముందే యాక్సిల్‌కీ దాని పైనున్న ఇనుముకీ మధ్య రెండువైపులా చెక్కముక్కలు ఏటవాలుగా చెక్కి సుత్తితో దిగ్గొట్టాలి. గేర్‌బాక్స్ కింద దుంగలు పేర్చి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజన్‌ని చైన్ పుల్లీకి తగిలించి అంగుళం అంగుళం ముందుకి లాగాం. వట్టి జాకీని నమ్మి కింద దూరొద్దు, జాకీ ఎత్తడానికే.

క్లచ్ ప్లేటు మార్చాం, లేత్ షాపతను ఇచ్చిన పాత షాఫ్టు ముక్క మధ్యలో పెట్టి ప్లేటు సరిగ్గా నడిమధ్యకి వచ్చేలా చూశాం, ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాం. అంతా కలిపి స్టార్ట్ చేస్తే గేరు పడదు, కరకరమని ఒకటే చప్పుడు. ప్లేటు తిరగేసి పెట్టాం! దాని రెండు ముఖాలూ ఒకేలా ఉండవు, మధ్యలో బొడిపె ఎక్కువున్న ముఖం ఎటు రావాలో విప్పేటప్పుడు ఇద్దరం చూడలేదు. మొదటిసారి విప్పడానికి రోజున్నర పట్టింది, రెండోసారి నాలుగు గంటల్లో విప్పేశాం, కోపం మీద పని బాగా సాగుతుంది. అప్పటినుంచి ఏది విప్పినా ముందు ఫోన్లో ఫోటో తీస్తున్నా.

ఇప్పుడు నేను మార్చినవి. సైలెన్సర్ నిలువుగా ఉండి కొమ్మల్ని కాలుస్తుంటే వంపు పైపు వేసి పక్కకి తిప్పా, అది బాగుంది. వెనక చక్రాల రిమ్ములు తిప్పి రెండు చక్రాల మధ్య దూరం తగ్గించా, అది తప్పు. సాళ్లలో హాయిగా పోయింది గానీ గట్టు ఎక్కేటప్పుడు ఒక చక్రం లేచింది, ఆ రోజు గుండె జారిపోయింది, సాయంత్రానికి మళ్లీ మామూలుగా తిప్పేశా.

మందు కొట్టే పంపు మాత్రం మూడేళ్లు ఏడిపించింది. హెచ్‌టీపీ పంపుని, అంటే ఎక్కువ ఒత్తిడితో మందు చిమ్మే పంపుని, మూడు పాయింట్ల లింకేజీకి (బండి వెనక పనిముట్లు తగిలించే చేతులకి) తగిలే ఫ్రేము మీద పెట్టి పీటీవోతో, అంటే ఇంజన్ బలంతో బండి వెనక తిరిగే షాఫ్టుతో, తిప్పాలని నా ఆలోచన. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, నా పంపుకి 900 పైచిలుకు కావాలి, 12 అంగుళాల పుల్లీ ఇటు, 7 అంగుళాలది అటు వేస్తే 925 వస్తుంది. లెక్క కుదిరింది, ఫ్రేము కుదరలేదు. యాంగ్లర్‌తో (ఎల్ ఆకారపు ఇనుప పట్టీతో) చేసిన ఆ ఫ్రేము వెల్డింగ్ పక్కనే పగిలేది, నేను మీద ఇంకో పూత వెల్డింగ్ వేసేవాణ్ని, నెల తిరక్కుండా దాని పక్కన పగిలేది. మూడోసారికి బుద్ధొచ్చి మూలల్లో త్రికోణం ప్లేట్లు పెట్టి, పంపు కింద పాత టైరు ముక్కలు వేసి బిగించా, మళ్లీ పగల్లేదు. ట్యాంకు సంగతీ అంతే. మొదట 400 లీటర్లది పెట్టా, అంటే ఈ తేలిక బండి వెనక 400 కిలోలు, మిట్ట ఎక్కుతుంటే ముక్కు లేచి స్టీరింగ్ గాల్లో తిరిగింది. ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ము, ముందు బంపరుకి రెండు నూనె డబ్బాల్లో కాంక్రీటు పోసి కట్టా, ఒక్కోటి 35 కిలోల దాకా ఉంటుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంది, మా ఆవిడ రంగైనా వేయమంటుంది.

బండి మీద వెల్డింగ్ చేసేటప్పుడు ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీసేయండి, ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి ఆనుకునే పెట్టండి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. నా దగ్గరున్నది 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిషన్, సాయంత్రం ఓల్టేజీ పడిపోతే రాడ్ అంటుకుపోతుంది, పొద్దున్నే చేసుకుంటా. పీటీవో షాఫ్టుకి ప్లాస్టిక్ కవర్ విరిగిందని పీకేసి తిరిగేవాళ్లని మా ఊళ్లోనే చూశా. లుంగీ అంచు చాలు, తువ్వాలు చాలు, మనిషిని లాగేస్తుంది. కవర్ విరిగితే కొత్తది కొనేదాకా నేను పీటీవో పని ముట్టుకోను. ఇంకోటి, బండి ఆకారం ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, అందుకే నావన్నీ బోల్టులతో తగిలించి, తోట దాటితే తీసేసేవే.

డీజిల్‌లో గాలి చేరితే ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టి బుడగలు ఆగేదాకా తీయడం, ఆయిల్ 250 గంటలకి మార్చడం, ఎండాకాలం ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ వారానికోసారి చూడటం, ఇవన్నీ ఇంట్లోనే. డీజిల్ పంపు, నాజిల్ మాత్రం టౌన్లో వాటిని పరీక్షించే బెంచ్ ఉన్నవాడి దగ్గరికే తీసుకెళ్తా, కొలవడానికి మన దగ్గర ఏమీ లేనిదాన్ని విప్పి ప్రయోజనం లేదు.

రెండు మూడెకరాల తోట, అంతరకృషి, మందు, కాయల గంపలు ఇంతే పని అయితే ఈ సైజు కొనండి. వరి దమ్ముకీ, ట్రాలీ కిరాయిలకీ అని కొనొద్దు, దాని వల్ల కాదు. మాది ఈ మధ్య హైడ్రాలిక్ లిఫ్ట్ గొర్రుని ఎత్తి పట్టుకోవడం లేదు, ఆపేసిన పది నిమిషాలకే కిందికి దిగిపోతోంది. సీలు పోయిందనుకుంటున్నా, బావమరిది సంక్రాంతికి వస్తాడు, అప్పుడు విప్పుతాం.