ఎఫ్‌ఎంటీడీటీఏ: పాతదైనా పట్టున్న సార్ట్ కమాండ్

ఐబీఎం ఐ (ఐబీఎం వ్యాపార సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్లలోని ఎఫ్‌ఎంటీడీటీఏ (ఫార్మాట్ డేటా) కమాండ్‌ మనకు కావలసిన వరుసలో రికార్డులను పేరుస్తుంది. ఆదోని పత్తి యార్డు బిల్లులు అనుకుందాం. 30వ స్థానంలో చెల్లింపు కోడ్: సి నగదు, క్యూ చెక్కు, హెచ్ ఆపినది. ఆపినవి ముందు, చెక్కులు తర్వాత, నగదు చివర రావాలి. అక్షరక్రమం ఇక్కడ పనికిరాదు. ఫోర్స్డ్ ఫీల్డ్ కావాలి, అంటే సార్ట్‌లో అసలు కోడ్ బదులు మనమిచ్చిన గుర్తును వాడే ఫీల్డ్.

స్పెక్ (సార్ట్ ఎలా చేయాలో చెప్పే లైన్లు)లోని ఎఫ్ (ఫీల్డ్) లైన్‌లో 7వ కాలమ్‌లో ఎఫ్, 8లో సి, 13-16లో స్థానం 30. 9-12 ఖాళీ. 17లో హెచ్, 18లో 1. తర్వాతి లైన్లలో క్యూకి 2, సికి 3 ఇచ్చి, 19వ కాలమ్‌లో ఏదో ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు మరిస్తే ఆ లైన్ వేరే కంట్రోల్ ఫీల్డ్ (వరుసను నిర్ణయించే ఫీల్డ్) అయిపోయి వరుస చెడుతుంది.

అసలు ప్రమాదం ఇంకొకటి. జాబితాలో లేని కోడ్ తన విలువతోనే ఉంటుంది. ఎబ్సిడిక్‌ (ఈ సర్వర్లు వాడే అక్షర కోడింగ్)లో అక్షరాలు అంకెల కంటే ముందు కాబట్టి, పొరపాటున పడ్డ ఎక్స్ అన్నింటికంటే పైకెక్కుతుంది. చివర 17 ఖాళీగా ఉంచి, 18లో 9, 19లో గుర్తు ఉన్న లైన్ వేస్తే మిగిలినవన్నీ అడుగుకు పోతాయి. ఈ లైన్ లేని స్పెక్‌ను నమ్మొద్దు.

హెడర్ (స్పెక్ మొదటి లైన్) 13-17 కాలమ్‌లలోని కంట్రోల్ పొడవులో ఈ లైన్లన్నీ కలిపి ఒక్క బైటే. 28లో ఎక్స్ పెడితే కంట్రోల్ ఫీల్డులు అవుట్‌పుట్‌లోకి రావు. అసలు కోడ్ కావాలంటే 30వ స్థానాన్ని డేటా ఫీల్డుగా విడిగా ఇవ్వాలి.

కొత్త పనికైతే ఎస్‌క్యూఎల్‌ (డేటాబేస్ క్వెరీ భాష)లో ఏ కోడ్‌కు ఏ వరుసో చెప్పే ఆర్డర్ బై కేస్ మేలు. పాత జాబ్‌లు నడిపేవాళ్లకు మాత్రం ఇది నేర్చుకుని తీరాల్సిందే.